గాల్లో ఉన్నంతసేపు

“ఆవిడికేటి రోగం? కాలిరిగిందా, చెయ్యిరిగిందా? మళ్లీ ఆట మానీసింది!”

స్టేడియం గేటు బయట జోగారావు ఎవరినీ ఉద్దేశించకుండా అందరినీ అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అదే ప్రశ్న నమిలి నమిలి ఉన్నారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

విశాఖ కెరటాలు జట్టు సొంత ఊళ్లో ఓడిపోయిన సాయంత్రం అది. మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ దేశమంతటా పండగలా మారాక, సముద్రానికి ఎదురుగా ఈ స్టేడియం కట్టారు. ఆట ఉన్న రోజు కంచరపాలెం నుంచి భీమిలి దాకా జనం ఇక్కడే ఉంటారు. వాళ్లలో చాలామంది వచ్చేది ఒక్క మనిషి కోసం. ఆమె పేరు మైలపల్లి నూకరత్నం. ఆరడుగులు దాటిన జాలరిపేట పిల్ల. ఎగిరిందంటే గాల్లో ఎవరో పీట వేసినట్టుంటుంది. అవతలి జట్టువాళ్లు ఆయాసపడుతూ చేతులు చాస్తుంటే, ఈమె మొహంలో ఒక్క గీతైనా కదలదు. దేవుడి ముందు పువ్వు పెట్టినంత నెమ్మదిగా బంతిని రింగులో పెట్టి దిగుతుంది.

కాని అదే మనిషి బంతి చేజారితే వెనక్కి పరిగెత్తదు, నడిచి వస్తుంది. విజిల్ పడితే చాలు, మోకాళ్ల మీద చేతులు వేసుకుని వంగిపోతుంది. రెండు ఆటలు ఆడితే ఒకటి మానేస్తుంది. గాయమని చెప్పదు, జ్వరమని చెప్పదు.

“ఆడినప్పుడు గెలిపిస్తాది కదరా,” అన్నాడు అప్పలనర్సయ్య. జోగారావుకు పోర్టులో పనిచేసిన రోజుల నుంచీ స్నేహితుడు. “మామిడిచెట్టు ఏడాది పొడుగునా కాస్తాదేటి?”

“మామిడిచెట్టుకి మనం టిక్కెట్టు కొనం. క్రేను మీద ఎక్కినోణ్ని నాను. జొరమొచ్చినా ఎక్కీవోణ్ని. ఒంట్లో సత్తువ లేనోడు ఆడకపోతే తప్పులేదు. ఉన్నోళ్లు దాచుకుంటే దాన్నేటంటారు?”

“దొంగతనం అంటారు,” అన్నాడు పక్కనున్న ఇంకెవరో. అంతా నవ్వారు.

తండ్రి జోగారావును ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన సువర్చల కారుకు ఆనుకుని ఇదంతా వింటోంది. తల్లి పోయాక ఆయనకు ఈ ఆటే కాలక్షేపం. సువర్చలకు మాత్రం బాస్కెట్‌బాల్ అంటే పెద్ద ఆసక్తి లేదు. ఆమె డాక్టర్. యూనివర్సిటీ కొండ మీది నాడీ పరిశోధనాలయంలో పనిచేస్తుంది. అక్కడ ఆమె వింటున్న మాట కూడా దాదాపు ఇదే. పక్షవాతం వచ్చినవాళ్ల వెంట వచ్చే కొడుకులు, కోడళ్లు అంటుంటారు: “ప్రయత్నమే చెయ్యట్లేదండీ.”

ఆ మాటే ఆమె చేత జంటపట్టీ చేయించింది.

మన మెదడు ఒక కాలిని ఎత్తమని ఆజ్ఞ పంపేటప్పుడు, ఆ ఆజ్ఞకు నకలొకటి తన దగ్గరా ఉంచుకుంటుంది. బరువనీ, శ్రమ అనీ మనకు అనిపించేది ఆ నకలే. పట్టీలు రెండు. ఒకటి రోగి మెడ వెనక అంటిస్తే ఆ నకలును చదువుతుంది. రెండోది ఇంకొకరి మెడకు అంటిస్తే అదే శ్రమను వాళ్ల ఒంట్లో పలికిస్తుంది. మొదటిసారి దాన్ని పెట్టించుకున్నది నర్సీపట్నం నుంచి వచ్చిన ఒక రైతు కొడుకు. మంచం మీద తండ్రి చిటికెనవేలు కదపడానికి ప్రయత్నించాడు. వేలు కదల్లేదు. కుర్చీలో కూర్చున్న కొడుకుకు మాత్రం నుదుటి మీద చెమట పట్టింది. అతను లేచి వెళ్లి తండ్రి పాదాలు పట్టుకున్నాడు. ఆ రోజు సువర్చలకు అన్నం సహించలేదు. తాను ఏదో తెరవకూడని తలుపు తెరిచానన్న బెదురు, తెరిచినందుకు ఒక పరవశం, రెండూ కలిసి ఆమెను నిలవనివ్వలేదు.

అలాంటి చోటికి ఒక మధ్యాహ్నం కెరటాలు జట్టు మేనేజర్ దినకర్ నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

“ఎమ్మారైలు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి డాక్టర్‌గారూ. కండరాలు గుర్రానికున్నట్టున్నాయి. గుండె బ్రహ్మాండం. ఈవిడ మాత్రం అలసటంటుంది. అభిమానులు మమ్మల్ని బతకనివ్వట్లేదు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “నిజమో నాటకమో మీ పట్టీ చెప్పేస్తుందట కదా?” అన్నాడు.

నూకరత్నం ఆ మాట విననట్టే కూర్చుంది. కూర్చోవడం కాదు, కుర్చీకి ఒళ్లంతా అప్పగించేసింది. సువర్చల అతన్ని బయట కూర్చోమని పంపి తలుపు వేసింది.

“నాటకమనే వస్తాదిలెండి మేడమ్,” అంది నూకరత్నం నవ్వుతూ. “నాకు ముందే తెల్సు. నాకు ఓర్పు తక్కువ.”

“చూద్దాం. మీరేమీ చెయ్యక్కర్లేదు. నేను చెప్పినప్పుడు ఆ మంచినీళ్ల గ్లాసు ఎత్తండి, చాలు.”

పట్టీ ఒకటి నూకరత్నం మెడకు అంటించి, రెండోది తన మెడకు అంటించుకుని సువర్చల స్విచ్చి వేసింది.

వెంటనే తన వీపు మీద ఎవరో బస్తా దించినట్టయింది. ఏదో తప్పుగా అమర్చానేమో అనుకుంది. నూకరత్నం ఇంకా ఏమీ చెయ్యడం లేదు. ఊరికే కూర్చుని ఉంది. తల నిలబెట్టుకుని, కుర్చీలోంచి జారిపోకుండా కూర్చోవడానికే ఆ శ్రమ.

“ఎత్తమంటారా?” అంది నూకరత్నం.

సువర్చల తల ఊపింది.

నూకరత్నం గ్లాసు ఎత్తింది, తాగింది, పెట్టేసింది. చూసేవాళ్లకు అంతే. సువర్చలకు మాత్రం భుజంలోంచి ఒక కేక పుట్టి వేళ్ల దాకా పాకినట్టయింది. బావిలో పడిన దూడను తాడేసి లాగుతున్నట్టు, లాగినకొద్దీ అది లోపలికి జారుతున్నట్టు అనిపించింది. గ్లాసు బల్ల మీదికి తిరిగి వచ్చేసరికి ఆమె మోకాళ్ల మీద కూలబడి ఉంది. తడుముకుని స్విచ్చి ఆపింది.

“అయ్యయ్యో మేడమ్! ఏటైంది?” అంటూ నూకరత్నం లేచి వచ్చి ఆమెను పట్టుకుంది. అలా లేచి రావడానికి ఆ మనిషికి ఎంత శ్రమైందో తెలిసిన మొదటి వ్యక్తి సువర్చలే. ఆమె కళ్లు ఆర్పకుండా నూకరత్నం మొహంలోకి చూసింది.

“ఎప్పటి నుంచి ఇలా?”

“ఎలా?”

“ఈ బరువు. ఎప్పుడు మొదలైంది?”

నూకరత్నానికి ప్రశ్న అర్థం కాలేదు. “మొదలవటమేటి? అందరికీ ఉండీదే కదేటి మేడమ్. మీకుండదా?”

కొందరికి పుట్టుకతోనే మెదడు నుంచి కండరానికి వెళ్లే దారిలో ఎక్కడో చిల్లులుంటాయని సువర్చల పుస్తకాల్లో ఊహగా చదివింది. పంపిన ఆజ్ఞలో వీసమెత్తే కండరానికి చేరుతుంది. అందరూ గుసగుసతో నడిపించే కాలిని అలాంటివాళ్లు అరిచి నడిపించాలి. అలాంటి మనిషి లేచి నిలబడటమే గొప్ప అనుకుంది ఆమె ఇన్నాళ్లూ. ఈ మనిషి లేచి నిలబడటమే కాదు, దేశం మొత్తం తలెత్తి చూసేలా ఎగురుతోంది. పైగా తనకేదో తేడా ఉందనే తెలీదు. పుట్టినప్పటి నుంచీ ఈ ఒక్క ఒంట్లోనే ఉంది మరి. పోల్చుకోడానికి ఇంకొక ఒళ్లు ఎక్కడుంది?

“పట్టీలు మార్చుకుందాం,” అంది సువర్చల. తర్వాత ఆ మాట అన్నందుకు ఎన్నోసార్లు చింతించింది. అప్పుడు మాత్రం ఆమెకు ఆగాలని తోచలేదు.

చదివే పట్టీ తన మెడకు, పలికించే పట్టీ నూకరత్నం మెడకు పెట్టింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

“మేడమ్, నడుస్తున్నారా?”

“మెట్లెక్కుతున్నాను.”

“ఎక్కట్లేదు మీరు. ఏటీ తెలీట్లేదు నాకు.”

“మేడ మీదికొచ్చేశాను నూకరత్నం. కొంచెం ఆయాసం కూడా వస్తోంది.”

అవతలి నుంచి నవ్వు వినబడింది. చిన్నపిల్ల అల మీద ఊగినప్పుడు నవ్వే నవ్వు. “ఇదేటి! ఇంతేనా? ఇంత తేలికా? ఓలమ్మ, మీరంతా ఇలాగే తిరుగుతున్నారా ఊరంతా?”

సువర్చల కిందికి వచ్చేసరికి ఆ నవ్వు ఏడుపైపోయింది. నూకరత్నం రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది.

“మాయమ్మ సేపల తట్ట నెత్తినెట్టుకుని కొండ మీది కాలనీలన్నీ తిరిగీది. నాను ఒట్టి సేతుల్తో ఎనకబడిపోయీదాన్ని. ‘బద్దకం మొకమా’ అని కొట్టీది. నాను నమ్మీసాను మేడమ్. అందరికీ ఇంతే కష్టం, అందరూ ఓర్సుకుంటున్నారు, నాకే ఓర్పు లేదనుకున్నాను. అందుకే ఎవరేటన్నా ఎదురు సెప్పలేదు. దొంగ అన్నా ఊరుకున్నాను.”

సువర్చల ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఇంతకంటే ఏం చెయ్యాలో ఆమె చదువు ఆమెకు నేర్పలేదు.

దినకర్‌ను లోపలికి పిలిచినప్పుడు అతను అడిగింది ఒకటే. “నిజమా, నాటకమా?”

సువర్చల నూకరత్నం వైపు చూసింది. నూకరత్నం చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది.

“నాటకం కాదు. అంతకు మించి నేను చెప్పను,” అంది సువర్చల.

“అదే తెర మీద వేసి చూపిద్దాం. ఈ పట్టీలు స్టేడియంలో జనానికి పంచితే ఒక్కడు నోరెత్తడు!”

“వద్దు సార్,” అంది నూకరత్నం. “ఇప్పుడు ఆళ్లు తిడుతున్నది ఆటగత్తిని. అది తెలిస్తే రోగిష్టిదాన్ని సూడ్డానికొస్తారు. నాను బాస్కెట్ ఏస్తే ‘పాపం’ అంటారు. తిట్లు పడతాను గానీ ఆ మాట పడలేను.”

ఆ తర్వాత నూకరత్నం ఆటకు రాలేదు. ఒక ఆట కాదు, వరసగా అన్నీ మానేసింది. కెరటాలు జట్టు ఎలాగో నెట్టుకుంటూ ఫైనల్‌కు చేరింది. ఊళ్లో మాత్రం చర్చంతా రాని మనిషి మీదే. టీవీలో, టీకొట్టులో, బస్సులో అదే. జోగారావు ఇంట్లో అన్నం కలుపుకుంటూ కూడా అదే.

“రిటైరైపోతే పోవచ్చు కదా. ఆ స్థానంలో ఆడడానికి ఏ పిల్లో కాసుక్కూకుంటాది. ఒళ్లు వంచనోళ్లకి అంత పేరెందుకమ్మా?”

“నాన్నా, మనకి తెలీని సంగతులుంటాయి.”

“నీకు తెల్సా?”

సువర్చల పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపింది. కన్నతండ్రి ఎదురుగా కూర్చుని ఒక మనిషిని అన్యాయంగా మాటలంటుంటే, నిజం నోట్లో పెట్టుకుని అన్నం తినడం ఎంత కష్టమో ఆ రోజుల్లో ఆమెకు తెలిసింది.

ఫైనల్ దగ్గరపడుతుండగా ఆమె జాలరిపేటకు వెళ్లింది. వలలు ఆరేసిన ఇసుక పక్కనే కొత్తగా కట్టిన మేడ. నూకరత్నం తల్లి పైడమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. సువర్చల ఎవరో చెప్పగానే ఆమె కళ్లు నిండాయి.

“మీరేనా డాక్టరమ్మంటే? ఆ పిల్ల సెప్పింది. సిన్నప్పుడు కొట్టీదాన్నమ్మా నాను. ఈ సేతుల్తోనే,” అని చేతులు చూపించింది. పక్కకు జరిగి లోపలికి దారి ఇచ్చింది.

నూకరత్నం నేల మీద చాప వేసుకుని పడుకుని ఉంది. లేవబోయింది. సువర్చల వారించి పక్కనే కూర్చుంది.

“లెగలేకపోతున్నాను మేడమ్. ఒంట్లో మార్పేటీ లేదు. ఇదివరకు లెగాలంటే, అందరూ లెగుస్తున్నారు కదా అనుకునీదాన్ని. ఆ మాట సెయ్యట్టుకునే లెగిసీదాన్ని. ఆ మాట మీరు పట్టుకుపోనారు.”

సువర్చల తల దించుకుంది. “నయం చెయ్యగలనని చెప్పలేను. మెదడు నుంచి కండరానికి వెళ్లే దారిలో చిల్లులు పూడ్చడం ఇంకా ఎవరికీ తెలీదు. నేను ప్రయత్నిస్తాను. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను.”

“ఆ తేలికది తెచ్చారా?”

సంచిలో పట్టీలున్నాయి. ఇవ్వకూడదని మనసు చెబుతూనే ఉంది. కాని ఆ కళ్లను చూసి కాదనలేకపోయింది. తన మెడకొకటి, నూకరత్నం మెడకొకటి అంటించి, బయటికి వెళ్లి తడి ఇసుక మీద అటూ ఇటూ నడిచింది. కిటికీలోంచి చూస్తే నూకరత్నం కళ్లు మూసుకుని ఉంది, పెదాల మీద నవ్వు. సువర్చల చిన్నప్పుడు పరిగెత్తినట్టు అల వెనక పరిగెత్తింది కూడా.

తిరిగి వచ్చేసరికి నూకరత్నం తనే పట్టీ పీకి చేతిలో పట్టుకుని ఉంది. మొహం పాలిపోయి ఉంది.

“ఇంకొద్దు. దీనికి అలవాటు పడితే నా ఒంట్లోకి నాను మళ్లీ రాలేను.” పట్టీని ఆమె చేతిలో పెట్టింది. “నా బరువుని మీరు ఎంతసేపు మోసారు?”

“గ్లాసు ఎత్తి దించినంతసేపు.”

“ఆటంతా మోస్తారా?”

అంత బలమైన ఆజ్ఞను అంతసేపు ఇంకొకరి మెదడు తట్టుకుంటుందో లేదో ఎవరికీ తెలీదు. తట్టుకోకపోతే ఏమవుతుందో కూడా తెలీదు.

“జాలిపడమని కాదు మేడమ్. ఎంత బరువో ఒంటికి తెలిసిన మనిషి లోకంలో ఒక్కరున్నారంటే, ఆ మాట పట్టుకుని లెగుస్తాను.”

“మోస్తాను,” అంది సువర్చల.

ఫైనల్ నాటి సాయంత్రం స్టేడియంలో ఇసుక వేస్తే రాలదు. ఆరోగ్యం కొలిచే పరికరాలు ఆటగత్తెలు మెడకు అంటించుకోవడం మామూలే కాబట్టి నూకరత్నం పట్టీని ఎవరూ పట్టించుకోలేదు. సువర్చల జుట్టు వదులుగా వేసుకుని తన పట్టీని కప్పుకుంది. పక్కన జోగారావు, ఆయనకవతల అప్పలనర్సయ్య.

“వచ్చిందిరా మహారాణి!” అన్నాడు జోగారావు. “చివరి రోజు కప్పు పట్టుకోడానికి మాత్రం వచ్చీసింది.”

మొదటి సగమంతా నూకరత్నం బెంచి మీదే ఉంది. కెరటాలు వెనకబడ్డారు. విరామం తర్వాత ఆమె లేచింది. ఆ లేవడం సువర్చల తొడల్లోంచి నడుం దాకా కొండచరియలా కదిలింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఊపిరి సరిచేసుకుంది. పట్టీ శ్రమను చేరవేస్తుంది గాని కండరాన్ని కదపదు. బయటికి ఆమె కూర్చుని ఆట చూస్తున్న ఒక మామూలు మనిషి.

కోర్టులో నూకరత్నం నడుస్తోంది. పక్కకు జరుగుతోంది. చెయ్యి చాచి బంతి అందుకుంటోంది. ఒక్కొక్కటీ ఒక గెలుపు, ఎవరూ చప్పట్లు కొట్టని గెలుపు. సువర్చల వెనక వరసలో ఎవరో “పరిగెత్తవే తల్లీ, కాళ్లకు మేకులేసారేటి!” అని అరుస్తున్నారు. తండ్రి అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. సువర్చల కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఇక చాలు, పట్టీ పీకేద్దాం అనుకుంటూ చెయ్యి మెడ దాకా తీసుకెళ్లింది.

అప్పుడే నూకరత్నం ఎగిరింది.

నేలను తన్నిన క్షణంలో సువర్చల అరవబోయింది, అంత బరువు అది. మరుక్షణం ఏమీ లేదు. పూర్తిగా ఏమీ లేదు. వీపు మీది బస్తా లేదు, మెడ మీది బండ లేదు. ఒళ్లంతా సద్దుమణిగిపోయింది. గాల్లో ఉన్న మనిషి ఒంటిని నిలబెట్టుకోనక్కర్లేదు. పడకుండా కాచుకోనక్కర్లేదు. అరిచి అరిచి అలసిపోయిన మెదడు ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో మణికట్టు ఒక్కటే చిన్నగా కదిలింది. బంతి రింగులో పడింది. పాదాలు నేలను తాకగానే లోకమంతా మళ్లీ భుజాల మీదికి వచ్చి పడింది.

స్టేడియం హోరెత్తిపోయింది. సువర్చల కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

నిలబడడమే ఇంత కష్టమైన పిల్ల, లోకంలో ఇన్ని పనులుండగా ఎగిరే ఆటను ఎందుకు ఎంచుకుందో ఆమెకిప్పుడు తెలిసింది. ఈ మనిషికి విశ్రాంతి దొరికే చోటు భూమ్మీద లేదు. నేలకూ రింగుకూ మధ్య ఆ కాస్త గాల్లోనే ఉంది. మిగతావాళ్లందరూ ఒళ్లు బిగబట్టి ఎగురుతున్నప్పుడు, ఈమె అక్కడికి సేద తీరడానికి వెళ్తోంది. చెయ్యి వణక్కపోవడానికీ, మొహంలో గీత కదలకపోవడానికీ రహస్యం అదే. ఊరంతా వాదించుకుంటున్న మూడు సంగతులూ, ఆ గొప్ప ఆటా, ఆ పరిగెత్తకపోవడమూ, ఆ మానేసిన రోజులూ, ఒక్క ఒంట్లోంచే వచ్చినవి.

సువర్చల చెయ్యి మెడ దగ్గర నుంచి కిందికి దించింది. తర్వాత నూకరత్నం మళ్లీ ఎప్పుడు ఎగురుతుందా అని ఆమె ఎదురుచూసింది. ఆ బరువంతా మోయడం ఆ లేశమంత ఖాళీ కోసమైతే, మోయవచ్చు అనిపించింది.

ఆట చివరికొచ్చింది. కెరటాలు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. బంతి నూకరత్నం చేతికొచ్చింది. ఎగిరింది, వేసింది, పడింది. కెరటాలు ముందుకొచ్చారు. జనం కుర్చీలెక్కారు. కాని అవతలి జట్టు క్షణమైనా ఆలస్యం చెయ్యలేదు. బంతి అందుకుని ఎదురు రింగు వైపు దూసుకుపోయారు. నూకరత్నం దిగుతూనే మోకాళ్ల మీద పడింది.

“పరిగెత్తు!” స్టేడియం మొత్తం ఒకే గొంతుతో అరిచింది.

ఇక అయిపోయిందనుకుంది సువర్చల. ఆ ఒంట్లో ఇంకేమీ మిగల్లేదని ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అప్పుడు, అడుగంటిపోయిన చోటు నుంచి, ఒక కేక మొదలవడం ఆమెకు తెలిసింది. అది కాళ్లలోంచి రాలేదు, గుండెలోంచి రాలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఆమె శాస్త్రంలో మాట లేదు. నూకరత్నం లేచింది. పరిగెత్తింది. ఒక్కో అడుగూ ఓడకు లంగరు లాగినట్టు. మనిషి లోపల ఇంత ఉంటుందా? సువర్చలకు భయం వేసింది, తుపాను నాటి సముద్రాన్ని మొదటిసారి చూసిన పిల్లకు వేసే భయం.

నూకరత్నం సగం కోర్టు దాటుతుండగా అవతలి పిల్ల బంతిని రింగులో వేసేసింది. ఆట ముగిసింది. కెరటాలు ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

“సూసావా? సూసావా?” అప్పలనర్సయ్య కూడా ఈసారి గొంతు కలిపాడు. “ముందే లెగిసుంటే అందీది! నువ్వు సెప్పిందే నిజంరా జోగా! రా, కిందకెళ్లి అందరూ ఏటంటున్నారో ఇందాం.”

జోగారావు లేవబోయి కూతురి వైపు చూశాడు. ఆమె బట్టలు చెమటతో ఒంటికి అతుక్కుపోయాయి. తడిసిన జుట్టు పక్కకు తొలగి మెడ వెనక పట్టీ కనిపిస్తోంది. ఆ పట్టీ ఎందుకో ఆయనకు తెలుసు. నర్సీపట్నం రైతు కథ ఆమె ఆయనకు చెప్పింది.

“ఎవరిదమ్మా అది?” అన్నాడు.

ఆయన కోర్టు వైపు చూశాడు, మళ్లీ కూతుర్ని చూశాడు. మొహంలో రంగు మెల్లగా మారింది. పక్కన కూర్చుండిపోయాడు.

“రారా!” అని అప్పలనర్సయ్య మెట్ల మీంచి పిలిచాడు.

“నువ్వెళ్లు,” అన్నాడు జోగారావు. తర్వాత, దాదాపు తనలో తను అన్నట్టు, “సగం కోర్టు దాకా వచ్చింది కదమ్మా?” అని అడిగాడు.

“వచ్చింది నాన్నా.”

ఆయన భుజం మీది కండువా తీసి ఆమె నుదురు తుడిచాడు.

జనం తిట్టుకుంటూ, వాదించుకుంటూ వెళ్లిపోయారు. వరసలన్నీ ఖాళీ అయ్యాయి. సువర్చలకు ఇంకా లేచే శక్తి రాలేదు. కింద కోర్టు మధ్యలో, తాను ఆగిపోయిన చోటే, నూకరత్నం కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. తోటి ఆటగత్తెలు పిలిస్తే తర్వాత వస్తానన్నట్టు తల ఊపింది. తలెత్తి ఖాళీ వరసలన్నీ వెతికింది. సువర్చల కనిపించింది.

నూకరత్నం చెయ్యి ఎత్తసాగింది. ఆ చెయ్యి ఎంత బరువో సువర్చల భుజానికి తెలుస్తూనే ఉంది. వద్దని తల ఊపింది. నూకరత్నం వినలేదు. మోచెయ్యి లేచింది, మణికట్టు లేచింది, వేళ్లు విచ్చుకున్నాయి. నవ్వుతూ అటూ ఇటూ ఊపింది, దూరంగా వెళ్తున్న పడవను చూసి ఒడ్డున నిలబడ్డ పిల్లలా.

“మనకేనా?” అన్నాడు జోగారావు.

సువర్చల తన చెయ్యి ఎత్తలేకపోయింది. ఆయనే లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి నమస్కరించాడు.